పోచంపల్లికి ఎన్ని పేర్లు?

అందరికీ నమస్కారం.

పాతబడ్డ ఊళ్లను మళ్లీ నిలబెట్టడం, వాటికి కొత్త గుర్తింపు తేవడం గురించి మాట్లాడమని అడిగారు. ప్లానింగ్ చదివే మీకు క్లాసులో పడిపోయి మళ్లీ లేచిన యూరప్ నగరాలు బిల్బావో గురించీ గ్లాస్గో గురించీ చెబుతూనే ఉంటారు. నేను అంత దూరం వెళ్లను. హైదరాబాద్‌లో పొద్దున్నే బస్సెక్కితే టిఫిన్ వేళకు దిగిపోయే ఊరు గురించి చెబుతాను. పోచంపల్లి.

ఈ ఊరికి గత డెబ్బై ఏళ్లలో చాలా పేర్లు వచ్చాయి. మొదటిది 1951 ఏప్రిల్ 18న వచ్చింది. తెలంగాణ పల్లెలు సాయుధ పోరాటంతో ఉడుకుతున్న రోజులు. శివరాంపల్లిలో గాంధేయవాదుల సర్వోదయ సమావేశం ముగించుకుని గాంధీజీ శిష్యుడు వినోబా భావే పల్లెల మీదుగా నడుస్తూ ఇక్కడికి వచ్చారు. నలభై దళిత కుటుంబాలవాళ్లు ఆయన్ని కలిసి, ఎనభై ఎకరాలుంటే మా బతుకు మేం బతుకుతామన్నారు. సగం తరి, సగం మెట్ట. అక్కడే ఉన్న వెదిరె రామచంద్రారెడ్డి లేచి నిలబడి, నేను వంద ఎకరాలు ఇస్తానన్నారు. భూమి ఉన్నవాళ్లు లేనివాళ్లకు ఇష్టపడి ఇచ్చే భూదాన ఉద్యమం అలా మొదలైంది. ఊరు భూదాన్ పోచంపల్లి అయింది.

పని ముందు జరిగింది, పేరు ఆ తర్వాత వచ్చింది. మీరు రేపు ఏ ఊరికి మాస్టర్ ప్లాన్ గీసినా ఈ వరస మరిచిపోవద్దని నా కోరిక.

రెండో పేరు, పోచంపల్లి ఇక్కత్, మగ్గం తెచ్చింది. చీరాల వైపు తేలియా రుమాళ్లు, అంటే నూనె పట్టించిన నూలుతో నేసే చదరపు గుడ్డలు, నేసే పనితనం ఈ ప్రాంతానికి చేరి, ఇక్కడి నేతగాళ్ల చేతుల్లో ఇక్కత్‌గా ఎదిగింది. చాలామంది దీన్ని గుడ్డ మీద అద్దకం అనుకుంటారు. గుడ్డ పుట్టకముందే పోగు మీద రంగు పడుతుంది. ఏ పోగులో ఎక్కడ రంగు అంటకూడదో లెక్క చూసుకుని అక్కడ రబ్బరు ముక్కలతో బిగించి కడతారు, రంగులో ముంచుతారు, విప్పుతారు, మరో రంగుకు మళ్లీ కడతారు. నేసేటప్పుడు పడుగూ పేకా, అంటే నిలువు పోగులూ అడ్డం పోగులూ, కలిసిన చోట బొమ్మ తేలుతుంది. ఒక్క పోగు జరిగినా బొమ్మ అంచు చెదురుతుంది.

ఇదంతా మొదలయ్యేముందు ఆసు పోయాలి, అంటే పోగును మేకులకు చుట్టి సిద్ధం చేయాలి. మధ్యలో ఒక మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరసగా మేకులు. వాటి మధ్య పోగును చేత్తో అటూ ఇటూ తిప్పాలి. ఒక్క చీరకు దాదాపు తొమ్మిది వేలసార్లు. ఈ పని ఎక్కువగా ఆడవాళ్లదే. రోజుకు రెండు చీరలకు ఆసు పోస్తే పద్దెనిమిది వేలసార్లు. భుజం ఏమవుతుందో ఆలోచించండి.

ఇదే జిల్లాలో ఆలేరు దగ్గరి శారాజీపేటలో చింతకింది మల్లేశం అనే కుర్రాడు చిన్నప్పుడే బడి మానేశాడు. వాళ్లమ్మ లక్ష్మి ఆసు పోస్తూ భుజాలు నొప్పులని బాధపడేది. ఆ కష్టం తప్పించాలని ఏళ్ల తరబడి చెక్కలతో, మోటార్లతో కుస్తీ పట్టి 1999లో యంత్రం తయారుచేశాడు. దానికి లక్ష్మీ ఆసు యంత్రం అని అమ్మ పేరే పెట్టుకున్నాడు. గంటల పని తగ్గింది, భుజాలకు విశ్రాంతి దొరికింది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఊరి పునరుజ్జీవనం అంటే నాకు ముందు గుర్తొచ్చేది ఈ యంత్రమే. నేత బతకాలంటే నేసే ఇంట్లో ఎవరికి ఎక్కడ నొప్పి పుడుతోందో ఎవరో ఒకరు చూడాలి. ఆ కుర్రాడు చూశాడు.

2004-05లో పోచంపల్లి ఇక్కత్‌కు భౌగోళిక గుర్తింపు, అంటే ఊరి పేరును ఆ ఊరి సరుకుకే చట్టప్రకారం కట్టబెట్టే జీఐ ట్యాగ్ వచ్చింది. మన దేశంలో ఆ గుర్తింపు పొందిన మొట్టమొదటి వాటిలో ఇదొకటి. ఆ హక్కును స్థానిక చేనేత సహకార సంఘమూ, పట్టుచీరల తయారీదారుల సంఘమూ తమ పేర్ల మీద రిజిస్టర్ చేయించుకున్నాయి. పోచంపల్లికి వచ్చిన పేర్లన్నింటిలోనూ నేతగాళ్లు చట్టప్రకారం ఇది మాది అనగలిగింది ఇదొక్కటే. అందుకే నాకు దీని మీద ఎక్కువ గౌరవం.

అయినా హక్కు కాగితం మీద ఉంటే సరిపోదు. కొన్నేళ్ల కిందట మా ఇంట్లో పెళ్లికి నగరంలోని ఒక షాపులో పోచంపల్లి అని చెబితే నమ్మి చీరలు కొన్నాం. ఇంటికొచ్చాక తిరగేసి చూస్తే వెనకవైపు రంగు వెలిసినట్టుంది. అది ప్రింట్. అసలు ఇక్కత్ అయితే బొమ్మ రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది. డబ్బు పోయినందుకు కాదు, ఆ పేరు మీద నేతగాడికి ఒక్క రూపాయి కూడా చేరలేదని నాకు చాలా బాధేసింది. కొన్ని రకాల బట్టలను చేనేత మగ్గాలకే కేటాయిస్తూ 1985లోనే చట్టం వచ్చింది. దాన్ని అమలు చేసే మనుషులు బజారులో కనిపించాలి. ఊరి ముఖద్వారానికి రంగులు వేయించడం కన్నా నేను ముందు దీనికి డబ్బు పెడతాను.

ఇక 2021 డిసెంబరులో ఐక్యరాజ్య సమితి పర్యాటక సంస్థ మాడ్రిడ్‌లో ఉత్తమ పర్యాటక గ్రామాలను ప్రకటించింది. 32 దేశాల నుంచి 44 గ్రామాలు, వాటిలో పోచంపల్లి. మనందరం సంతోషించాం. కానీ ఒకటి గమనించారా? అప్పటికి మూడేళ్ల కిందటే, 2018లో, పోచంపల్లి మున్సిపాలిటీ అయింది. ప్రపంచానికి గ్రామం, మన రికార్డుల్లో పట్టణం. ఇది మాటల తేడా మాత్రమే కాదు. మున్సిపాలిటీ పరిధిలో గ్రామీణ ఉపాధి హామీ పనులు ఉండవు. మగ్గం లేని కూలీ ఇంటికి ఆ తేడా పొయ్యి దాకా వస్తుంది. ఊరికి కొత్త హోదా ఇచ్చేటప్పుడు దాని వెంట ఏం వస్తుందో, ఏం పోతుందో ఇంటింటికీ చెప్పడం ప్లానర్ పనే.

నగరంలో సంగతి వేరుగా ఉంటుందా అని అడగొచ్చు. సికింద్రాబాద్‌లో బన్సీలాల్‌పేట మెట్లబావి చూసే ఉంటారు. అది ఏళ్ల తరబడి చెత్తకుండీ. ద రెయిన్‌వాటర్ ప్రాజెక్ట్ అనే బృందమూ, నగర పాలక సంస్థ జీహెచ్‌ఎంసీ కలిసి సుమారు 2,000 టన్నుల చెత్త, మట్టి ఎత్తిపోశాక బావిలో నీళ్లు కనిపించాయి. 2022 డిసెంబరు 5న ప్రారంభించారు. లైట్లు, ఫోటోలు అన్నీ ఆ తర్వాతే వచ్చాయి. వినోబా నాటి వరసే ఇది కూడా. స్థానిక బృందానికి పట్టుదల ఉంది, ప్రభుత్వానికి లారీలూ అధికారమూ ఉన్నాయి. ఒకరు లేకుండా రెండోవారు ఆ బావి అడుగు చూసేవారు కాదు.

పోచంపల్లిలో పర్యాటకులు వినోబా మందిరం, మ్యూజియం చూసుకుని సాయంత్రానికి వెళ్లిపోతారు. ఫోటోలో మగ్గం ఉంటుంది, నేసిన మనిషికి మాత్రం నూలిచ్చిన ఆసామి లెక్కగట్టిన మజూరీయే. వచ్చినవాళ్లు మగ్గం ఇంటి దగ్గరే చీర కొనేలా, రాత్రి ఆ ఊళ్లోనే బస చేసేలా ఏర్పాట్లు ఎలా చేయాలన్నదే నేను మీకిచ్చే ప్రాజెక్టు. డ్రాయింగులు తర్వాత. ముందు ఒక చీర మీద ఎవరెవరికి ఎంత వెళుతోందో పది ఇళ్లలో అడిగి రాసుకురండి.

రేపు పొద్దున ఏడింటికి బస్సు. మగ్గం ఇంట్లోకి వెళ్లేటప్పుడు చెప్పులు బయట విడవండి. కట్టిన పోగులు ముట్టుకోవద్దు. వాళ్లు పనిలో ఉంటే పేక ఆగేదాకా ఆగి, అప్పుడు పలకరించండి.