తెలిసిన ధరకు కొని, తెలియని ధరకు అమ్మేవాడు

(బరంపురంలో తెలుగు విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభలోని పెద్దలకు, వాణిజ్యశాస్త్రం చదువుతున్న విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం.

ప్రపంచ ఆర్థికాభివృద్ధిలో పారిశ్రామిక చొరవ పాత్ర గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. నేను ఆర్థికవేత్తను కాను. ఇచ్ఛాపురానికి ఇవతల, గంజాం జిల్లాలో 22 ఏళ్లుగా జీడిపప్పు కార్ఖానా నడుపుతున్నవాణ్ణి. అందుచేత నాకు తెలిసిన ప్రపంచం పిక్కల (తొక్క తీయని జీడిగింజల) బస్తాలోంచి కనిపించేంతే.

మన పత్రికలు ‘ఔత్సాహిక పారిశ్రామికవేత్త’ అనే మాటను స్థిరపరిచాయి. ఆ మాటలో ఉత్సాహం కనిపిస్తుంది గాని గండం కనిపించదు. పాతకాలపు ఆర్థికవేత్త రిచర్డ్ కాంటిలాన్ గ్రంథం 1755లో ఫ్రెంచిలో అచ్చయింది. తెలిసిన ధరకు కొని, ఎంతకు పోతుందో తెలియని సరుకును చేతిలో పెట్టుకుని కూర్చునేవాడని ఆయన చేసిన వర్ణన మా వృత్తికి ఇప్పటికీ సరిగ్గా అతుకుతుంది.

మార్చిలో మా వైపు పిక్క దిగుతుంది. రైతు 80 కిలోల బస్తా దించగానే అడుగునుంచి దోసెడు పిక్కలు తీసి, ఒక్కొక్కటీ రెండుగా కోసి, పప్పు తెల్లగా ఉన్నవెన్ని, మచ్చ పడినవెన్ని, పొల్లు ఎన్ని అని లెక్క చూస్తాము. ఆ కోతను బట్టి ధర తేలుతుంది, సొమ్ము అప్పుడే ఇవ్వాలి. బస్తాకు సుమారు 20 నుంచి 23 కిలోల పప్పు వస్తుంది. అందులో ఎక్కువ భాగం అమ్ముడయ్యేది దసరా, దీపావళి రోజుల్లో. ఈలోగా ఐవరీ కోస్టులో పంట ఎలా ఉందో, వియత్నాం కార్ఖానాలు ఎంత కొన్నాయో, డాలరు ఏ దిక్కుకు కదిలిందో, వీటిలో ఏదీ నా చేతిలో ఉండదు. ఆ ఆరేడు నెలల గండాన్ని ఎవరో ఒకరు నెత్తిన వేసుకోకపోతే రైతుకు మార్చిలో డబ్బు అందదు, మిఠాయి దుకాణానికి అక్టోబరులో పప్పు అందదు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానం తోటలను నేలకూల్చింది. మరుసటి ఏడాది మా కార్ఖానా చాలావరకు ఆఫ్రికా పిక్కతోనే నడిచింది. అది విశాఖ రేవుకు కంటైనర్లలో వచ్చింది. 1956లో మాల్కం మెక్‌లీన్ అనే అమెరికా లారీల యజమాని ఇలాంటి 58 ఇనుప పెట్టెలను ఒక ఓడ మీద నెవార్క్ నుంచి హ్యూస్టన్‌కు పంపించాడు. పెట్టె, ఓడ, లారీ అప్పటికే ఉన్నవే. వాటిని కలిపిన తీరే కొత్తది. ఉన్నవాటిని కొత్తగా కలపడంలోనే అభివృద్ధి పుడుతుందని ఆర్థికవేత్త జోసెఫ్ షుంపీటర్ 1911లోనే రాశారు.

వియత్నాంవారు చేసినదీ అదే. పప్పు తీయడం చేతిపనిగా ఉన్నంతకాలం భారతదేశానిదే పైచేయి. వారు పిక్కను ఆవిరిలో ఉడికించి పగలగొట్టే యంత్రాలను తమ దేశపు వర్క్‌షాపుల్లోనే చౌకగా చేయించుకుని, 2000వ దశకంలో ఎగుమతుల్లో మనల్ని దాటిపోయారు. ఇప్పుడు ముడిపిక్కలో అగ్రస్థానంలో ఉన్న ఐవరీ కోస్టు కూడా సొంత కార్ఖానాలు పెట్టుకుంటోంది.

ఇటువంటి మార్పును షుంపీటర్ 1942లో ‘సృజనాత్మక విధ్వంసం’ అన్నారు. దాన్ని 1992లో గణిత నమూనాగా మలచిన ఫిలిప్ అఘియాన్, పీటర్ హోవిట్‌లకు 2025లో నోబెల్ బహుమతిలో భాగం లభించింది. మా కార్ఖానాలో ఆ గణితం 2014లో అమలైంది. అంతకుముందు 38 మంది ఆడవాళ్లు అరచేతులకు బూడిద రాసుకుని పిక్కలు కొట్టేవారు, ఎందుకంటే తొక్కలోని జీడి అనే నూనె చర్మాన్ని కాల్చేస్తుంది. యంత్రాలు వచ్చాక 15 మంది మిగిలారు. వారు పొర వలవడం, పౌనుకు 240 తూగే గుండును (విరగని పప్పును) 320 తూగే చిన్నదాని నుంచి కంటితోనే వేరుచేయడం చేస్తున్నారు. వారి చేతులు బాగుపడ్డాయి. మిగతా 23 ఇళ్లకు దీర్ఘకాలంలో అంతా సర్దుకుంటుందని చెప్పే ధైర్యం నాకు లేకపోయింది. అయినా ఆ యంత్రాలు కొనకపోతే మొత్తం 38 మందికీ పని పోయేదని ఇప్పటికీ నమ్ముతున్నాను.

చురుకుదనమంతా ఉత్పత్తికే పోతుందనుకోకండి. ఏది లాభమో సమాజపు నియమాలు నిర్ణయిస్తాయని, తెలివైనవారు అటే పోతారని ఆర్థికవేత్త విలియం బామోల్ 1990లో వాదించారు. ఆంధ్ర, ఒడిశా సరిహద్దులో ఉన్న మనకు ఇది కొత్త సంగతి కాదు. 2017 జులై 1న జీఎస్టీ వచ్చేవరకు ఇక్కడ చెక్‌పోస్టు కాగితాలు నింపి లారీలు దాటించడమే వృత్తిగా ఎందరో బతికారు. వారి తెలివి తక్కువది కాదు, కాని దానివల్ల దేశంలో ఒక్క గుండు కూడా పెరగలేదు. మరోవైపు మన జిల్లా నుంచి లక్షల మంది సూరత్ మరమగ్గాల మీదికి వెళ్లారు. అలా వెళ్లి మరమగ్గం మరమ్మతు నేర్చుకుని తిరిగివచ్చిన ఒక యువకుడే నేడు మా యంత్రాలు బాగుచేస్తున్నాడు. సరిహద్దుకు రెండువైపులా అతని కోసం కార్ఖానాలు ఎదురుచూస్తుంటాయి.

మాకు అన్నిటికన్నా బరువైనది రావలసిన బాకీ. సూక్ష్మ, చిన్న సంస్థల సరుకుకు 45 రోజుల్లోపు డబ్బు ఇవ్వాలని, ఆలస్యమైతే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ కట్టాలని 2006 చట్టం చెబుతోంది. ఒక పెద్ద కొనుగోలుదారు నాకు 40 డబ్బాల సొమ్మును ఏడు నెలలు ఆపాడు. నేను ఫిర్యాదు చేయలేదు, చేస్తే మరుసటి దీపావళికి ఆర్డరు ఉండదు. చట్టాన్ని మీరు తరగతిలో చదువుతారు, దాన్ని వాడుకోలేని అమ్మకందారు లెక్క మాత్రం ఏ పట్టికలోనూ ఎక్కదు. ఇలా ఇరుక్కున్న డబ్బు వల్లే నాలాంటివారు మరో యంత్రం కొనలేకపోతున్నారు. సరిహద్దు జిల్లాల ఎదుగుదల నెమ్మదించడానికి రుణాల కొరత కన్నా ఇదే పెద్ద కారణమని నా అంచనా.

వచ్చే మార్చిలో పిక్క దిగినప్పుడు మీలో ఎవరైనా మా కార్ఖానాకు రావచ్చు. కోత మీచేతే చేయించి, ధర కూడా మీచేతే చెప్పిస్తాను. పాత చొక్కా వేసుకుని రండి, జీడి మరక ఎన్ని ఉతుకులు ఉతికినా పోదు.