నీళ్లకో ప్లాటు వదలండి
(బందరు రోడ్డు వైపు ఒక కొత్త కాలనీ సంక్షేమ సంఘం సభలో ప్రసంగం)

వేదిక మీది పెద్దలకి, ఎదురుగా కూర్చున్న అమ్మలకి, అక్కలకి నమస్కారం. పార్కు ప్రారంభానికి పిలిచారు. నాలుగు మంచి మాటలు చెప్పి టిఫిన్ తిని వెళ్లమన్నారు సెక్రటరీ గారు. పార్కు బావుంది. పెయింట్ ఇంకా ఆరలేదు, నా లాల్చీకి అంటుకుంది కూడా.

మాది విజయవాడ సింగ్‌నగర్. ఇల్లు కట్టిన కొత్తలో వీధిలోంచి నాలుగు మెట్లెక్కితే గుమ్మం. రోడ్డు వేసిన ప్రతిసారీ పాతది తవ్వకుండా దాని మీదే వేశారు. ఇప్పుడు ఒక మెట్టు దిగి మా ఇంట్లోకి వెళ్తున్నాం. ‘ఇల్లు కుంగిందేమోనండీ’ అంటుంది మా ఆవిడ. కుంగింది ఇల్లు కాదు, లేచింది రోడ్డు.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. మేడ మెట్ల మీద నుంచి చూస్తుంటే మా బియ్యం డబ్బా మూతతో సహా తేలుతూ వచ్చి టీవీ స్టాండుకి ఆనుకుంది. అది బుడమేరు వాగు, గండ్లు పడి వచ్చిన నీళ్లు. అంత వరదని మీ పార్కు ఆపుతుందని నేను చెప్పను. కానీ ఏరు తగ్గాక కూడా మా వీధిలో నీళ్లు కదల్లేదే! పోవడానికి దారేదీ?

ఒక్క లెక్క. 200 గజాల స్థలం మీద 10 సెంటీమీటర్ల వాన పడితే 16,700 లీటర్లు. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు మూడు పైచిలుకు, మీ ఒక్క ఇంటివే. గేటు నుంచి గోడ దాకా టైల్స్ పరిచినవాళ్లు చేతులెత్తండి. ఎత్తండమ్మా, సిగ్గెందుకు, మా అబ్బాయీ పరిచాడు.

ఇక్కడ వరిచేలుండేవి. వాన గట్ల మధ్య నిలిచి, మెల్లగా బోదెలోకి, బోదెలోంచి మురుగు కాలవలోకి దిగేది. గ్రావెల్ తోలి గట్లు చదును చేశారు, బోదె పూడ్చారు. ఇప్పుడు కురిసిందంతా ఒక్క గంటలో దిగువ ఊరి మీద పడుతోంది.

ఇంకుడు గుంతలున్నాయిగా అంటారు. డ్రైన్ల పనిలో జుట్టు నెరిసినవాణ్ణి, చెప్తే వినండి. నల్లరేగడిలో మోకాలి లోతు గుంత తీసి, సాయంత్రం రెండు బిందెలు పోశాను. పొద్దున చూస్తే నీళ్లు అలాగే ఉన్నాయి, పైగా ఒక కప్ప చేరింది. తడిస్తే ఆ మట్టి ఉబ్బి నెర్రెలు మూసుకుంటుంది. ఇసుక నేలలో ఇంకించవచ్చు. ఇక్కడ నిలబెట్టాలి, మెల్లగా వదలాలి. పల్లపు చోట అడుగున్నర లోతు గడ్డి మైదానం, దానికి జానెడు తూము. వాన రోజు కుంట, మిగతా రోజులు పిల్లలకి క్రికెట్.

మరి ఈ పార్కు? రోడ్డుకి రెండడుగుల ఎత్తున కట్టారు! ఇందాక రిబ్బన్ కట్ చేస్తూ నేనే ఆ మెట్లెక్కాను. చుక్క నీరు లోపలికి రాదు.

తూర్పు మూల మూడు ప్లాట్లు ఇంకా అమ్ముడుపోలేదట. ఎందుకని వాచ్‌మన్‌ని అడిగితే, వానొస్తే అక్కడే నీళ్లు నిలుస్తాయన్నాడు. వెంచర్ వేసిన బాబుగారు మూడో వరుసలోనే ఉన్నారు. బాబూ, సోమవారం ఆ మూలకి గ్రావెల్ లారీలు వస్తున్నాయని విన్నాను. వాటిని రావద్దని ఇప్పుడే, మా అందరి ముందే ఒక్క ఫోన్ చెయ్యండి. టిఫిన్ తర్వాత తినొచ్చు.