పదకొండు పేజీల నోటు పుస్తకం

వేదిక మీది పెద్దలకు, కంప్యూటర్ సైన్స్ పిల్లలకు నమస్కారం. శాలువా వద్దని ముందే చెప్పాను, మన్నించండి. మీరు తయారుచేస్తున్న మాయాలోకపు యుద్ధాల ఆట గురించి, ఆడేవాళ్లు చెప్పే తప్పులను ఎలా వినాలో మాట్లాడమన్నారు. నేను ప్రోగ్రామర్‌ని కాను. కర్నూలు పాతబస్తీలో నెట్ సెంటర్ నడిపినవాణ్ణి.

బగ్ వేరు, బ్యాలెన్స్ వేరు. గుర్రం గోడలోంచి దూరి వచ్చిందంటే బగ్. గుర్రాలున్నవాడే ప్రతిసారీ గెలుస్తున్నాడంటే బ్యాలెన్స్ చెడింది. బగ్‌కు ఒక్క సాక్ష్యం చాలు. బ్యాలెన్స్ గురించి మాట్లాడాలంటే రెండు వైపుల నుంచీ ఆడి ఉండాలి. మా ఊరి రచ్చబండ మీద పులిజూదం గీతలుండేవి. 3 పులులు, 15 మేకలు. పులులతో గెలిచినవాడు మరుసటి ఆటలో మేకలు పట్టాల్సిందే. అప్పటిదాకా ఎవడూ "పులులదే పైచేయి" అనడానికి లేదు.

డేవిడ్ వైట్ 2003లో మొదలుపెట్టిన 'బాటిల్ ఫర్ వెస్‌నోత్' మా సెంటర్‌లో బాగా ఆడేవాళ్లు. ఉచితం, పాత సిస్టమ్‌లలో కూడా నడిచేది. అస్థిపంజరాల సైన్యం మీదికి పిల్లలు ఎల్ఫ్‌లనే అడవిజాతి విలుకాళ్లను పంపేవాళ్లు. ఎముకల గూడును బాణం ఏం చేస్తుంది? ఓడిపోయి "అన్నా, ఈ ఆట మోసం" అనేవాళ్లు. వాళ్ల పక్షంలోనే నిప్పు విసిరే మాంత్రికుడున్నాడు, బాది నుగ్గు చేసే చెట్టుమనిషి ఉన్నాడు. వాళ్లను దించినవాడే లేడు. మాంత్రికుడి దెబ్బ 70 శాతం తగులుతుంది కదా, మూడు దెబ్బలూ ఎలా తప్పాయని ఇంకొకడి గొడవ. లెక్క వేస్తే, నూటికి దాదాపు మూడుసార్లు మూడూ తప్పుతాయి. అది బగ్ కాదు. కానీ వాడి కోపం నిజమైనదే, దాన్ని కొట్టిపారేయకండి.

ఈ కాగితంలో ఇంకా మూడు అంశాలున్నాయి. పక్కన పెడుతున్నాను. నేను వచ్చింది ఒక పిల్లవాడి గురించి చెప్పడానికి.

తొమ్మిదో తరగతి. గంట డబ్బులు చేతిలో పెట్టి మూల సిస్టమ్ దగ్గర కూర్చునేవాడు. వేరే ఆట, పేరు చెప్పను. కోట ముట్టడిలో చంపిన డ్రాగన్, సేవ్ చేసి మళ్లీ తెరిస్తే బతికి ఉండేది. అందరూ తిట్టి వదిలేశారు. వాడు మాత్రం నోటు పుస్తకం తెచ్చుకున్నాడు. ఏ వెర్షన్, ఏ మ్యాపు, ఎన్నో వంతులో సేవ్ చేశాడు, తెరిస్తే ఏం కనిపించింది, అన్నీ రాశాడు. పదకొండు పేజీలు. చివరికి పట్టుకున్నాడు: డ్రాగన్ చచ్చిన వంతులోనే సేవ్ చేస్తే బతుకుతుంది, ఒక్క వంతు ఆగి చేస్తే బతకదు!

"అన్నా, ఇంగ్లీషులో రాసి కంపెనీకి పంపిద్దామా?" అన్నాడు. "దసరా పోనీ, రాద్దాం" అన్నాను. ఇంగ్లీషంటే జంకింది నేను. వాడికి ఏ భయమూ లేదు.

అది 2009. దసరా అయిన నాలుగు రోజులకు, అక్టోబర్ 2న, తుంగభద్ర, హంద్రీ రెండూ ఊళ్లోకి వచ్చాయి. నీళ్లు తీశాక షట్టర్ ఎత్తితే సిస్టమ్‌లన్నీ బురదలో ఉన్నాయి. డ్రాయరులో ఆ పుస్తకం ముద్దయిపోయి ఉంది. ఒక్క పేజీ విడదీద్దామని చూశాను, చేతికి బురదే వచ్చింది. వాళ్ల ఇల్లూ మునిగింది. ఆదోనిలో బంధువుల దగ్గరికి వెళ్లిపోయారు. వాడు మళ్లీ నాకు కనపడలేదు.

సిస్టమ్‌లు పోయినందుకు ఏడ్వలేదు బాబూ. ఆ పదకొండు పేజీలకు ఏడ్చాను.

2018 ఫిబ్రవరిలో మన 'జ్ఞ'తో కూడిన ఒక గుర్తు మెసేజ్‌లో వస్తే ఐఫోన్‌లో ఆ యాప్ కూలిపోయేది. జనం చెప్పారు, ఆ నెలలోనే 11.2.6 అప్‌డేట్ వచ్చింది. చెప్తే దిద్దుతారు. చెప్పే దారి ఉండాలి.

పొద్దున మీ ఆట తెరిచి చూశాను. తప్పు చెప్పే మీట సెట్టింగ్స్ లోపల మూడో పేజీలో, ఇంగ్లీషులో ఉంది. ఎవరు పెట్టారు? చెయ్యెత్తు నాయనా, తిట్టను. దాన్ని మొదటి తెర మీదికి తీసుకురా. తెలుగులో రాస్తే తీసుకునేలా చెయ్యి. సేవ్ ఫైలు దానంతటదే జతపడేలా చెయ్యి. వచ్చిన ప్రతి ఉత్తరానికీ పేరు పెట్టి జవాబివ్వండి. రేపటికి వద్దు, ల్యాబ్ తాళం తీయించండి. అయ్యేదాకా నేనిక్కడే కూర్చుంటాను.