ప్రయాణంలో ఎంజైమ్ పొడి: తిన్నాక కాదు, తిండిలోనే

అందరికీ నమస్కారం. ఈ వీడియో ఈపీఐ, అంటే క్లోమం నుంచి అరుగుదల ఎంజైమ్‌లు చాలినంత రాని జబ్బు, ఉన్న కుక్కల్ని పెంచుతున్నవాళ్ల కోసం. జబ్బేంటో మీకు తెలుసు, దాన్ని తేల్చే టీఎల్ఐ రక్తపరీక్ష కూడా చేయించే ఉంటారు. అందుకే నేరుగా విషయంలోకి వస్తాను.

ఎండాకాలం సెలవులొస్తే హైదరాబాద్‌లో నాకు పదే పదే వినిపించే మాటలు రెండు. "రెండు రోజులే కదండీ, ఊరినుంచి వచ్చాక మళ్లీ పొడి వేస్తాం." ఇంకొకటి, "దారిలో కుదరలేదు, తిన్నాక బిస్కెట్‌లో పెట్టి ఇచ్చేశాం." ఇవి వింటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఆ కుక్క కడుపు నిండా తిని కూడా పస్తు ఉన్నట్టే లెక్క.

పాలకు తోడు వేయడం తెలుసు కదా. పాలు తాగేసి, వెనకే చెంచాడు తోడు మింగితే పెరుగవుతుందా? గిన్నెలోనే కలపాలి. ఈ పొడీ అంతే. మామూలుగా క్లోమం నుంచి లైపేజ్, అమైలేజ్, ప్రోటియేజ్ అనే ఎంజైమ్‌లు చిన్నపేగులోకి వస్తాయి. కొవ్వు, పిండి, మాంసకృత్తులు అరిగేది ముఖ్యంగా వాటితోనే. ఈపీఐ కుక్కకు అవి చాలినంత రావు. జర్మన్ షెపర్డ్‌లలోనైతే చాలాసార్లు వాటిని తయారుచేసే కణాలే క్షీణించిపోయి ఉంటాయి. ఆ లోటు తీర్చడానికే పందుల క్లోమం నుంచి తీసిన ఈ పొడి. అది ప్రతి ముద్దకూ పట్టి లోపలికి వెళ్లాలి.

మరిగే పాలలో తోడు వేస్తే తోడుకోదు. ఎంజైమ్‌కీ వేడి పడదు. విజయవాడ హైవే మీద దాబా దగ్గర ఆగి, పొగలు కక్కే అన్నంలో పొడి కలిపితే ఆ పూట వేయనట్టే. చెయ్యి పెడితే వేడి తెలియనంత చల్లారనివ్వండి. పొడి డబ్బాను కారు డాష్‌బోర్డ్ మీద కూడా వదలకండి. మే నెలలో బయటే 40 డిగ్రీలుంటే, అద్దాలు మూసిన కారులో ఎంత ఉంటుందో ఆలోచించండి. ఆ కారులో కుక్కనైతే ఐదు నిమిషాలు కూడా ఉంచొద్దు, దయచేసి.

ఒక్క దగ్గర తోడుకీ దీనికీ తేడా ఉంది, అదే అన్నిటికన్నా ముఖ్యం. తోడు బతికున్నది. చెంచాడు వేస్తే గిన్నెడు పాలకూ అదే పాకుతుంది. ఎంజైమ్ అలా పెరగదు. తిండి పెరిగితే పొడీ పెరగాలి, ప్రతి పూటా కొత్తగా వేయాలి. చుట్టాలింట్లో చిక్కు వచ్చేది ఇక్కడే. మన కుక్క ఎప్పుడూ ఆకలిగా చూస్తుంది, డొక్కలు కనిపిస్తుంటాయి. "పాపం, ఎంత బక్కగా ఉందో" అని ఒకరు చపాతీ ముక్క, ఇంకొకరు పెరుగన్నం ముద్ద పెడతారు. ప్రేమతోనే పెడతారు. కానీ పొడి లేని ఆ ముద్ద అరక్క, జిడ్డుగా, పాలిపోయిన విరేచనమై రాత్రంతా దాన్ని బాధపెడుతుంది. గుమ్మంలో అడుగుపెట్టగానే చెప్పేయండి: "అత్తయ్యా, దీనికి నేను కలిపిందే పెట్టాలి, ఇంకేదీ పడదు." మొహమాటపడకండి.

టైం అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. కొలత డాక్టర్ రాసిందే, కానీ ఇంట్లో వాడే చెంచానే వెంట తీసుకెళ్లండి. ఊళ్లో చెంచా సైజు వేరుగా ఉంటుంది. రోజూ తినే ఫుడ్డే మూట కట్టుకోండి, ప్రయాణంలో కొత్త తిండి వద్దు. పొడి కలిపాక కాసిన్ని నీళ్లు చల్లి బాగా తడపండి, పొడిగా నోట్లో అంటుకుంటే నోరు పూస్తుంది. కలిపేటప్పుడు మీరూ పీల్చకండి. బొప్పాయి మాత్రలు, మనం వేసుకునే అరుగుదల మందులు దీనికి బదులు కావు. బి12 ఇంజెక్షన్ తేదీ ప్రయాణంలో పడుతుంటే బయల్దేరకముందే డాక్టర్‌ని అడగండి. చిన్న ఊళ్లో మందుల షాపుల్లో ఈ పొడి దొరక్కపోవచ్చు, అందుకే రెండు డబ్బాల్లో పోసి రెండు వేర్వేరు బ్యాగుల్లో పెట్టుకోండి. పొడి సరిగ్గా వేస్తున్నా విరేచనాలు ఆగకపోతే, ఊరినుంచే మీ డాక్టర్‌కి ఫోన్ చేయండి.