బావి నీళ్లలో పెట్రోలు వాసన: మట్టికి మందెక్కిస్తే పోతుందా?

యాంకర్: నమస్కారం. శ్రీకాకుళం స్టూడియోకి స్వాగతం. రణస్థలం వైపు నుంచి ఒక రైతు గారు వచ్చారు. వాళ్ల ఊరి పక్కన హైవే మీద బంకులో భూమిలోపలి ట్యాంకు కారింది. ట్యాంకు మార్చారు గానీ బావి నీళ్లకి వాసన పోలేదు. మట్టిలోకి మందు ఎక్కిస్తామని ఎవరో వచ్చి చెప్పారట. ఏం మందన్నారండీ?

రైతు: పర్మాంగనేటు అన్నారు బాబూ. చేపల చెరువుల్లో వేస్తారే, ఊదారంగు పలుకులు, అదే. బోర్లు వేసి దింపితే బేగి బాగైపోద్దన్నారు.

ప్రొఫెసర్: పెట్రోలుకి అది నప్పదండీ. మురికి అణువు నుంచి ఎలక్ట్రాన్లు లాగేసి, దాన్ని ముక్కలు చేసి, చివరికి కార్బన్ డయాక్సైడ్, నీళ్లుగా మార్చడమే ఆక్సీకరణ. ఈ మందులు చేసే పని అదే. జిడ్డు వదలగొట్టడానికి ఫ్యాక్టరీల్లో వాడే ట్రైక్లోరోఇథిలీన్ లాంటి వాటి మీద పర్మాంగనేట్ బాగా పనిచేస్తుంది. పెట్రోలులో మనం భయపడాల్సింది బెంజీన్‌కి. అది క్యాన్సర్ తెచ్చేది. దాన్ని పర్మాంగనేట్ దాదాపు ముట్టుకోదు.

యాంకర్: మరి ముట్టుకునేదేది?

ప్రొఫెసర్: హైడ్రోజన్ పెరాక్సైడ్‌కి ఇనుప లవణం కలిపితే హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుంది, అంటే ఎదురైనదాని మీద పడి ఎలక్ట్రాన్ లాక్కునే చురుకైన ముక్క. ఫెంటన్ అనే ఆయన 1894లోనే రాసిన చర్య ఇది. ఆ రాడికల్ బెంజీన్‌ని వదలదు.

ఇంజనీర్: మేడమ్, అక్కడే నా అభ్యంతరం. పెరాక్సైడ్ విడిపోయేటప్పుడు వేడి, ఆక్సిజన్ రెండూ వస్తాయి. పెట్రోలు నీటికంటే తేలిక, భూగర్భ జలం మీద తేలుతూ ఉంటుంది. దాని మీదకి వేడీ ఆక్సిజనూ పంపితే ఆవిరి పైకి లేస్తుంది. పక్కనే బంకు! తేలే పెట్రోలును ముందు పంపుతో తోడెయ్యాలి. బాగా తడిసిన మట్టిని తవ్వి తీసెయ్యాలి. మందు సంగతి ఆ తర్వాతే.

ప్రొఫెసర్: తోడమనే నేనూ అంటాను. మిగిలినదానికి పెర్‌సల్ఫేట్ అనే ఇంకో ఆక్సీకరణ మందు ఉంది. నిదానంగా, వారాల తరబడి పనిచేస్తుంది. కాకపోతే నీళ్లలో సల్ఫేట్ మిగులుస్తుంది. తాగునీటిలో లీటరుకి 200 మిల్లీగ్రాములు దాటకూడదన్నది మన ప్రమాణం. ఒక జబ్బుకి మందేసి ఇంకోటి తెచ్చుకోకూడదు కదా.

రైతు: ఎంత పోయాలమ్మా మరి? బస్తాల లెక్కన చెప్పారు వాళ్లు.

ప్రొఫెసర్: మట్టిని పరీక్షించకుండా బస్తాలు చెప్పారంటే నమ్మకండి. మట్టిలో ఉండే సేంద్రియ పదార్థం కూడా ఈ మందుని తినేస్తుంది. పెళ్లిలో పిలవనివాళ్లే ముందు బంతిలో కూర్చున్నట్టు. వాళ్లెంత తింటారో ల్యాబ్‌లో కొలిచాకే మోతాదు తేలుతుంది.

ఇంజనీర్: నేల కూడా చూడాలి. మీ సముద్రం వైపు ఇసుకలో మందు సాఫీగా పారుతుంది. బంకమట్టి పొరలుంటే చుట్టూ తిరిగి వెళ్లిపోతుంది. పొరల్లో దాక్కున్న బెంజీన్ కొన్ని నెలల తర్వాత మళ్లీ నీళ్లలోకి వస్తుంది. అందుకే మందేసిన వారానికే రిపోర్టు చూపించి బిల్లు తీసుకోవడం మోసమంటాను. ఒక వర్షాకాలం గడిచి, నీటిమట్టం ఎక్కి దిగాక మళ్లీ చూడాలి.

యాంకర్: ఊళ్లో ఉన్నవాళ్లకి ఇదంతా టెన్షనే. ఖర్చెవరిది?

ఇంజనీర్: కలుషితం చేసినవాళ్లది. కలుషిత స్థలాల మీద కేంద్రం 2025 జూలైలో నిబంధనలు తెచ్చింది. అనుమానం ఉన్న స్థలాల జాబితాను జిల్లా యంత్రాంగం ఆరు నెలలకోసారి పంపాలి. కలెక్టర్‌కి అర్జీ పెట్టండి, నీళ్ల రిపోర్టు జతచేయండి.

రైతు: రిపోర్టుందండీ. అంతా బాగుందని వచ్చింది. వాసన మాత్రం అలాగే ఉంది.

ప్రొఫెసర్: శాంపిల్ దేంట్లో పట్టారు?

రైతు: వచ్చినోళ్లు మంచినీళ్ల బాటిల్లోనే సగం దాకా పట్టుకెళ్లారమ్మా.

ప్రొఫెసర్: బెంజీన్ ఆవిరైపోయే సరుకండీ. మిగతా సగం గాలే ఉంటే అందులోకి ఎగిరిపోతుంది. గాజు సీసా కావాలి. మూత కింద గాలి బుడగ కూడా ఉండకూడదు, ఐస్‌లో పెట్టి పంపాలి. ఆ రిపోర్టు పక్కన పడేసి మళ్లీ తీయించండి.