ముసలాయన హెడ్‌ఫోన్స్‌లో విన్న బంగారం

అందరికీ నమస్కారం. పిలిచి మైకు చేతికిచ్చారు, థ్యాంక్స్. తుగ్గలి చేలల్లో బంగారం ఎక్కడుందో చెప్తాడని ఎవరైనా వచ్చుంటే మాత్రం ఇప్పుడే లేచి టీ తాగడానికి పోవచ్చు, నేనేం అనుకోను. నేను చెప్పేది మెటల్ డిటెక్టర్‌తో బంగారం వెతకడం ఎలా నేర్చుకున్నానో, అంతే.

మాది పత్తికొండ దగ్గర పల్లె, ఉద్యోగం మెల్‌బోర్న్‌లో. చిన్నప్పుడు తొలకరి పడగానే మా అవ్వ వెంట జొన్నగిరి చేలకు వజ్రాల కోసం పోయేవాణ్ణి. నేను చేను ఈ గట్టు నుంచి ఆ గట్టుకు పరిగెత్తేవాణ్ణి, అవ్వ మాత్రం పొద్దు వాలేదాకా ఆగి, ఎండ ఏటవాలుగా పడేటప్పుడు అడుగు తీసి అడుగు వేస్తూ ఒక్క మూలనే చూసేది. అవ్వకు జన్మలో ఒక్క వజ్రం కూడా దొరకలేదనుకోండి, అది వేరే సంగతి.

మెల్‌బోర్న్ ఉండేది విక్టోరియా రాష్ట్రంలో. 1851లో బంగారం కోసం జనం ఎగబడిన చోటు అది. అక్కడ కొన్ని డాలర్లు కడితే పదేళ్లకు మైనర్స్ రైట్ అని ఒక కాగితం ఇస్తారు. అనుమతి ఉన్న ప్రభుత్వ భూముల్లో వెతుక్కోవచ్చు, దొరికింది మనదే, తవ్విన గుంత పూడ్చాలి. 1980లో ఒకాయనకు అడుగు లోతులోనే 27 కిలోల బంగారు ముద్ద మెటల్ డిటెక్టర్‌తో దొరికింది. ఆ కథ చదివి ఎవరు ఊరుకుంటారు? నేనూ ఒక మిషన్ కొన్నాను. ధర ఎంతో మా ఇంట్లో ఇప్పటికీ సరిగ్గా తెలీదు, మీరూ చెప్పొద్దు.

నాలుగు నెలలు ప్రతి శనివారం పోయాను. మేకులు, బీరు మూతలు, తుపాకీ గుండ్లు, తుప్పు పట్టిన డబ్బాలు. బంగారం సున్నా. ఒకరోజు విక్టోరియాలోనే డనోలీ అనే ఊరి దగ్గర ఒక ముసలాయన నన్ను చాలాసేపు చూసి, దగ్గరికొచ్చి, గడ్డి కోస్తున్నావా అని అడిగాడు. ఎందుకంటే నేను కాయిల్‌ను, అంటే మిషన్ కింద నేల మీద తిప్పే పళ్లెం లాంటి దాన్ని, కొడవలి తిప్పినట్టు తిప్పుతున్నా, రెండు చివర్లలో అది జానెడు పైకి లేస్తోంది. అంటే నేను వెతికానని అనుకున్న నేలలో సగం అసలు వెతకనే లేదు!

ఆయన్ని నేను మొదట అడిగింది, బంగారం ఎక్కడ దొరుకుతుంది అని. ఆయన నవ్వి వెళ్లిపోయాడు. మన దగ్గర వజ్రం దొరికిన రైతు ఏ చేనో చెప్తాడా? వారం తర్వాత మళ్లీ కనిపిస్తే, మీ వెనక నడవనా, గుంతలు నేను తవ్విపెడతాను అన్నాను. దానికి వెంటనే సరేనన్నాడు. నడుం నొప్పి మనిషి కదా.

అసలు చదువు అప్పుడు మొదలైంది. ఆయన మిషన్‌కు రెండో హెడ్‌ఫోన్స్ తగిలించి నాకిచ్చాడు. మిషన్ ఆన్‌లో ఉన్నంతసేపూ సన్నగా ఒక జుమ్మనే శబ్దం వస్తుంది, దాన్ని థ్రెషోల్డ్ అంటారు. నేను పెద్దగా కూత వస్తేనే ఆగేవాణ్ణి. ఆయన ఆ జుమ్మనడంలో చిన్న వణుకు వచ్చినా ఆగేవాడు, నాకైతే ఏమీ వినపడలేదు. బూటుతో పైమట్టి ఒక అంగుళం గీకేసి మళ్లీ తిప్పేవాడు. శబ్దం కాస్త బలపడితే తవ్వాలి, మాయమైతే అది నేల చేసిన గోల. పది పన్నెండు సార్లు పక్కపక్కన నిలబడి విన్నాక నా చెవికీ ఆ వణుకు అందింది. ఇది పుస్తకంలో రాయలేం, వీడియోలోనూ దొరకదు, ఎందుకంటే వీడియో తీసేవాడు పెద్ద కూతలే చూపిస్తాడు.

ఇనుము ఎక్కువున్న ఎర్రనేల కూడా మిషన్‌ను మోసం చేస్తుంది, కొన్ని నల్లరాళ్లయితే అచ్చం లోహంలాగే కూస్తాయి. అందుకే శుభ్రమైన చోట కాయిల్‌ను పైకీ కిందికీ ఆడించి, శబ్దం మారకుండా నిలబడేదాకా మిషన్‌ను ఆ నేలకు సరిచేయాలి, దాన్నే గ్రౌండ్ బ్యాలెన్స్ అంటారు. నేను పొద్దున ఒకసారి చేసి వదిలేసేవాణ్ణి, ఆయన నేల రంగు మారిన ప్రతిచోటా చేసేవాడు. ఇంకొకటి, నేను ఇనుముకు మిషన్ కూయకుండా డిస్క్రిమినేషన్ అనే సెట్టింగ్ పెట్టి తిరిగాను. చిన్న బంగారం తునకను, పలుగురాయిలో ఇరుక్కున్న దాన్ని కూడా మిషన్ చెత్త కింద తీసేయొచ్చు. మేకులు తవ్వడానికి బద్ధకించేవాడికి బంగారం దొరకదని ఆయన తిట్టాడు, తిట్టినట్టే తవ్వించాడు. పికాసు పిడికి అయస్కాంతం కట్టమన్నాడు, ఇనుప ముక్కలు వాటంతటవే అతుక్కుంటాయి.

నా మొదటి తునక గ్రాములో మూడోవంతు. ఎగిరి గంతేసి పక్క కొండకు పోబోతే రెక్క పట్టుకుని ఆపాడు. ఒకటి దొరికిన చోటే సన్నగా గళ్లు గీసుకుని, కాయిల్ పోయిన దారి మీద సగం మళ్లీ పడేలా, ఇంకా నెమ్మదిగా తిప్పాలట. సాయంత్రానికి ఇంకో రెండు దొరికాయి.

ఇక మన జిల్లాల సంగతి. వజ్రం కరెంటు పారని రాయి, దానికి ఏ డిటెక్టరూ కూయదు, కాబట్టి డిటెక్టర్ పట్టుకుని తుగ్గలి పోవద్దు. జొన్నగిరి, రామగిరి బంగారం రాతిలో పొడిలా కలిసి ఉంటుంది, టన్ను రాయి పిండి చేస్తే గ్రాముల్లో వస్తుంది, అదీ మిషన్‌కు అందదు. పైగా ఇక్కడ ఖనిజం వెతకడానికి లైసెన్స్ కావాలి. గుప్తనిధులంటూ గుళ్లూ కోటలూ తవ్వేవాళ్ల వెంట మాత్రం చచ్చినా పోకండి. 1878 నాటి చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన నిధి దొరికితే కలెక్టర్‌కు చెప్పాలి, రక్షిత కట్టడం దగ్గర తవ్వితే నేరుగా కేసే.

మరి ఇక్కడ నేర్చుకునేదెట్లా అంటే, సీసం ముక్కలతో. చేపల గాలానికి కట్టే సీసం గుళ్లు బంగారంలాగే వినపడతాయి. నిన్న సాయంత్రం ఈ గ్రౌండ్ వెనక వేర్వేరు లోతుల్లో తొమ్మిది పాతాను. రెండు జతల హెడ్‌ఫోన్స్ తెచ్చాను, ఒక్కొక్కరే నా పక్కన నడవండి. ఉంగరాలు, కడియాలు తీసేసి, ఫోన్లు ఇక్కడే పెట్టి రండి. ఎనిమిది ఎక్కడున్నాయో నాకు గుర్తుంది. తొమ్మిదోది వెతకడంలో మీరే సాయం చేయాలి.