కెట్ భాషలో ‘దీక్’: ఈ చెట్టు జిగురు మాట ఎక్కడిది?

అందరికీ నమస్కారం. ఈ వీడియోలో ఒకే ఒక్క మాట తీసుకుని, దాని పుట్టుక ఎలా వెతుకుతారో చూద్దాం. మాట ‘దీక్’. సైబీరియాలో యెనిసెయ్ నది వెంట ఉండే కెట్ వాళ్లది. 2010 రష్యా జనగణనలో వాళ్లు 1219 మంది. భాష బాగా వచ్చినవాళ్లు అంతకన్నా చాలా తక్కువ, వాళ్లూ పెద్ద వయసువాళ్లే.

ముందు అర్థం తేల్చుకుందాం, తొందరపడేది ఇక్కడే. చెట్టు జిగురు అనగానే తుమ్మబంక అనుకోకండి. తుమ్మబంక నీళ్లలో కరిగిపోతుంది. దీక్ పైన్ లాంటి సూదాకుల చెట్లకు గాటు పడితే కారేది. నీళ్లలో కరగదు, వేడికి మెత్తబడుతుంది, మంట తగిలితే భగ్గుమంటుంది. మన గుగ్గిలం ఆ బాపతు.

ఇప్పుడు పుట్టుక. మామూలుగా అయితే చుట్టాల భాషల్లో వెతకాలి. కోట్, అరిన్, యుగ్... అన్నీ పోయాయి. కోట్ మాటలు కాస్ట్రెన్ అనే ఫిన్లాండ్ పండితుడు 1840లలో రాసుకోబట్టి మిగిలాయి. మరి ఇంకా దూరం వెళ్దామా?

స్క్రీన్ మీద కుడివైపు చూడండి: ‘జేహ్’. అమెరికాలోని నవాహో భాషలో ఇదే జిగురు. అల్లిన బుట్టకు కరిగించిన పైన్ జిగురు పూస్తే నీళ్లు కారని కుండలా పనికొస్తుంది. దాని పేరు ‘తోష్‌జేహ్’. తో అంటే నీళ్లు.

ఈ రెండు మాటలనూ ఒకే మూలానికి కలిపినవాడు ఎడ్వర్డ్ వాజ్దా అనే అమెరికా భాషావేత్త. 2008లో అలాస్కాలో చెప్పాడు, 2010లో అచ్చయింది. నవాహో చుట్టం భాషలు అలాస్కా, కెనడాల్లో ఇప్పటికీ ఉన్నాయి కాబట్టి దారి సైబీరియా వైపే చూపిస్తుంది.

దీక్, జేహ్ వినడానికి ఒకేలా లేవు కదా? ఉండక్కర్లేదు. ఒకేలా వినిపించడమే లెక్కయితే దీక్‌కి మన దీక్షని కలిపేయొచ్చు! చూడాల్సింది, ఇక్కడి ‘ద’కి అక్కడ ‘జ’ వేరే మాటల్లోనూ వరసగా వస్తోందా అని. ఒక్క జత దొరికితే అది కాకతాళీయం కావచ్చు. పదిచోట్ల అదే మార్పు కనిపిస్తే అప్పుడు బలం. అర్థం ఇంత కచ్చితంగా కలవడం మాత్రం నాకు బాగా నచ్చిన విషయం.

అన్నీ కలవవు కూడా. నీళ్లకి కెట్‌లో ‘ఊల్’, నవాహో ‘తో’కీ దానికీ పొత్తు లేదు. లైల్ క్యాంప్‌బెల్ లాంటి భాషావేత్త 2011లో ఈ భాషలు చుట్టాలన్న వాదం రుజువు కాలేదనే తేల్చాడు. అందుకే మీ నోట్సులో దీక్ పక్కన జేహ్ రాసుకునేటప్పుడు, మధ్యలో ఒక ప్రశ్నార్థకం కూడా పెట్టండి.